పలమనేరు గంజి డ్యూటీ

మధ్యాహ్నం రెండు గంటలకు పలమనేరు దాటాం. రెండు ట్రక్కులు, ఒక నీళ్ల ట్యాంకరు, పదకొండు మంది జవాన్లు. తారురోడ్డు వదిలాక తొమ్మిది మైళ్ల మట్టిదారి, దాని చివర మా క్యాంపు పెట్టాల్సిన పల్లె. ఎనభైల మొదట్లో ఒక కరువు ఏడాది అది. పలమనేరు చల్లని ఊరని పేరు. మేం దిగిన రోజు బూటు అడుగున రాళ్లు కాలుతున్నాయి. వేరుశనగ చేలల్లో విత్తనం కూడా తిరిగి రాలేదు.

నాది చిత్తూరే. ఈ డ్యూటీ గురించి చెబితే మా వీధిలో ఇప్పటికీ నవ్వుతారు. యుద్ధం చేయకుండా గంజి కాచావా అంటారు. కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసేసే మహారాజులు అడిగే ప్రశ్న అది. ఒక్కసారి చెబుతాను, వినండి.

సుబేదారు ఆర్డరు చదివాడు. అయిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు రోజూ ఉదయం ఆరింటికి తలా ఒక లోటా గంజి. రాగిపిండి, పాలపొడి, బెల్లం. అక్కడే తాగాలి, ఇంటికి తీసుకుపోకూడదు. వారానికోసారి తూకం. ముసలివాళ్లు లిస్టులో లేరు. ముసలివాళ్లకు ఆకలి వేయదని ఏ కుర్చీలోని మహానుభావుడు కనిపెట్టాడో తెలియదు. తూకానికి బెల్లం మండీ నుంచి కాటా తెచ్చాం.

ఎనిమిదింటికి హెడ్‌క్వార్టర్స్ వైర్‌లెస్‌లో పలికేది. ఖాళీ సంచులెన్నో చెప్పమనేది. పిల్లలెలా ఉన్నారని ఒక్కరోజూ అడగలేదు.

"సంచులు ఆరోగ్యంగా ఉండాయి సార్ అని చెప్పేదా?" అనేవాడు మా ఆపరేటరు, బటన్ వదిలాక.

లిస్టులోని మునెమ్మకు ఏడో నెల. క్యాంపు పెట్టిన రెండోరోజే నాకు పట్టుబడింది. లోటా కొంగు కింద దాచుకుని ఇంటికి పోతోంది. ఆపాను. అత్తకనీ, పెద్దబిడ్డకనీ గొణిగింది. నాకు ఒళ్లు మండింది. కడుపులో బిడ్డకు కూడు పెట్టడం తెలియని జనం అనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను. రేపటినుంచి నా ఎదుటే తాగాలన్నాను. మర్నాటి నుంచి తలొంచుకుని చివరి చుక్క దాకా తాగేది. ఒక ప్రాణం నిలబెడుతున్నానని మీసం మెలేశాను. ఆర్డరు పాటించే వెధవకు గర్వం చవగ్గా దొరుకుతుంది.

మొదటి వారం తూకంలో మునెమ్మ నలభై ఒక్క కిలోలు. రెండో వారం నలభై. మూడో వారం ముప్పై తొమ్మిది. కాటా చెడిందేమోనని నేనెక్కి చూశాను. బాగానే ఉంది.

మెడికల్ హవల్దారు ఆమెను ట్రక్కు నీడలో కూర్చోబెట్టి, ఇంట్లో ఏం తింటున్నావని అడిగాడు.

"ఏమీ లేదు సార్. ఆడ మిలిటరీవాళ్లు పోస్తా ఉండారు గదా, నీకు మళ్లా సంగటెందుకు అనింది మా అత్త. నా ముద్ద నిలిపేసినారు."

ఇరవై రోజులుగా ఆమె తిండి ఆ ఒక్క లోటాయే. దగ్గరుండి తాగించిన మొనగాణ్ణి నేను.

అత్తను కడిగేద్దామని ఆ ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం పన్నెండు. ఒకటే కుండ. కరువు పనిలో రాళ్లు కొట్టి వచ్చిన కొడుక్కి రెండు ముద్దలు పెట్టింది. మనవడికి ఒకటి. తను కుండ కడిగిన నీళ్లు తాగుతోంది. ఆమె ముంజెయ్యి నా చేతికర్ర కంటే సన్నం.

"రాళ్లు కొట్టేవాడు తినకపోతే రేపు ఈ కుండా ఉండదప్పా," అంది. "కడుపుతో ఉండేది ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమైతాది. మా అమ్మ నన్నూ ఇట్లే ఉంచింది."

తెచ్చుకున్న తిట్లన్నీ వెనక్కి మోసుకొచ్చి, సుబేదారుకు సంగతి చెప్పాను.

సుబేదారు వైర్‌లెస్‌లో అడిగాడు, గర్భిణులున్న ఇళ్లకు బియ్యం, పప్పు ఇవ్వనిమ్మని. లిస్టులో లేదన్నారు. సంచుల లెక్క చెప్పమన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. మా వంటవాడు ఎవరినీ అడగకుండా మా రేషన్‌లోంచే పప్పు, అన్నం ఆ ఇంటికి పంపాడు. చేతులు కాలాక ఆకులు. తొమ్మిదో రోజున, ఎనిమిదో నెల నిండకుండానే, మునెమ్మకు నొప్పులొచ్చాయి.

మర్నాడు క్యాంపు ఎత్తేశారు. ఉదయం ఆరింటికి గుడారాలు విప్పుతుంటే అత్త వచ్చింది. పాతచీర పేలికలో మనవరాలు. తల్లి బాగుందని చెప్పింది. ఆమె ముఖంలో సంతోషం చూసి తల తిప్పుకున్నాను.

"సులబంగా అయిపోయిందప్పా. నేను చెప్పలే?" అంది.

పసికందుకు కాటా పనికిరాదు. వంటవాడు కూరగాయల తక్కెడ పట్టుకొచ్చాడు. హవల్దారు తూచాడు. ఏడింటికి ట్రక్కులు కదిలాయి. సాయంత్రం చిత్తూరులో రైలెక్కి యూనిట్‌కు తిరిగి వెళ్లాం. తరువాత ఎన్ని సెలవుల్లో వచ్చినా పలమనేరు వైపు వెళ్లలేదు. ఆ బిడ్డ బతికిందో లేదో కనుక్కునే ధైర్యం, ఈ మిలిటరీ మొనగాడికి, లేకపోయింది.

ఆ తక్కెడ మాత్రం నన్ను వదల్లేదు. ఒకవైపు రెండు కిలోల రాయి పెట్టారు. అది నేలకు ఆనింది. రెండో తట్టలో బిడ్డ నా ముఖం దాకా లేచింది, నోరు తెరుచుకుని, ఏడవడానికి బలం లేక.