గీతల మీద అతికించిన గద్ద

కెనడాలో, విన్నిపెగ్‌లోని ఒక వేలం సంస్థలో సైనిక వస్తువుల పరీక్షకురాలిగా అది నా చివరి ఏడాది. కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక నగరంలో ఏ బస్సు ఎక్కినా మన విద్యార్థులే కనిపించే కాలం. ఆ నవంబరులో నా బల్ల మీదికి రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ హెల్మెట్ ఒకటి వచ్చింది. దాని ఎడమ పక్కన నాజీల కాలపు గద్ద గుర్తు ఉంది. ఇలాంటి పల్చటి అతుకుడు ముద్రను కలెక్టర్లు డెకాల్ అంటారు. అది అసలుదైతే హెల్మెట్ ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఆ గుర్తును ముట్టుకోవడానికి మనసెలా ఒప్పుతుందని తెలిసినవాళ్లు అడిగేవారు. దాని కింద జరిగిన ఘోరాలు నిజం కనుకనే దాని పేరుతో అబద్ధం అమ్మనివ్వనని చెప్పేదాన్ని.

మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. రంగు మీది పాత గీతలు గద్ద అంచుదాకా వచ్చి, దాని కిందికి దూరి, అవతల తేలాయి. గద్ద మీద మాత్రం ఒక్క చీలికా లేదు. ముద్ర ముందే ఉండి ఉంటే ఆ గీతలు దాన్నీ కోసేవి. హెల్మెట్ అసలుదే, డెకాల్ తరువాత అతికించినదని నివేదిక రాశాను.

మేనేజరు తన గదికి పిలిచాడు. హెల్మెట్ యజమాని మన పాత కస్టమరనీ, ఆ ఒక్క వాక్యం మార్చమనీ అన్నాడు. కుదరదన్నాను. ఈ పని కోసం ఎదురుచూసే విద్యార్థులు ఊరినిండా ఉన్నారని నవ్వాడు. అయితే వాళ్లనే అడగమని చెప్పి లేచి వచ్చేశాను.

అడగనే అడిగాడు. మా దగ్గర పార్ట్‌టైమ్ చేస్తూ కెమిస్ట్రీ మాస్టర్స్ చదివే నిజామాబాద్ అమ్మాయి స్రవంతిని పిలిచి, డెకాల్ కూడా అసలుదేనన్న నివేదిక మీద సంతకం పెడితే ఫుల్‌టైమ్ ఆఫర్ లెటర్ ఇస్తానన్నాడు. పీఆర్ కోసం, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి కోసం తిరుగుతున్నవాళ్లకు ఆ కాగితం ఎంత అవసరమో నాకు తెలుసు.

మర్నాడు లంచ్‌లో స్రవంతి నా ఎదుట కూర్చుంది.

“ఆంటీ, నేను కూడా సైన్ చెయ్యలే. గీతలు కిందికెళ్లి పోయినయని కళ్లకు కనిపిస్తుంటే అసలుదని ఎట్ల రాస్తా?”

“మరి పీఆర్ సంగతేమిటమ్మా?”

“ఇంకోచోట అప్లై చేస్తా. ఇట్ల వచ్చేది నాకొద్దు.”

హెల్మెట్‌ను వేలం నుంచి తీసేశారు. నా కాంట్రాక్టు పొడిగించలేదు. స్రవంతి షిఫ్టులు తగ్గించేస్తే ఆమె మానేసి, వేసవి నాటికి ఒక పెయింట్ కంపెనీ ల్యాబ్‌లో చేరింది. రిఫరెన్సు నేనే ఇచ్చాను, జరిగింది దాచకుండా చెప్పి.

నీ బదులు ఇంకొకరు దొరుకుతారన్న బెదిరింపు, ఆ ఇంకొకరు ఒప్పుకున్నప్పుడే పనిచేస్తుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.