గూట్లో పొడుగు వెంట్రుకలు

జుట్టు కత్తిరించడంలో ఆయనంత నెమ్మదైన మనిషి ఆ వీధిలోనే కాదు, చుట్టుపక్కల నాలుగు వీధుల్లోనూ లేడు. అందుకే అందరూ ఆయన్ని నిదానం గారంటారు. కుర్చీలో కూర్చునేటప్పుడు నల్లగా ఉన్న తల, లేచేసరికి నెరిసిపోతుందని ఒక పాత ఖాతాదారు వేళాకోళం. ఎవరేమన్నా ఆయన తొందరపడడు. నిదానమే ప్రధానమని తల మీద రెండు వేళ్లు ఆనించి, మనిషిని కదలొద్దని, చెవి వెనక వెంట్రుకల్ని ఒక్కొక్కదాన్నీ పలకరిస్తున్నట్టు కత్తిరిస్తాడు. ఆయన తల మీద మాత్రం పలకరించడానికి ఒక్కటీ మిగల్లేదు. ముప్ఫయ్యో ఏటే అంతా సర్దుకుని వెళ్లిపోయాయి.

దుకాణం ఒకటే గది. మధ్యలో పువ్వుల తెర. తెరకి ఇటు ఆయన కుర్చీ, అద్దం, కత్తెరలు. అటంతా ఆయన భార్య ఏలుబడి. ఆడవాళ్లకి జుట్టు కత్తిరించడం, కనుబొమలు తీర్చడం ఆవిడ పని. తెరకి అటూ ఇటూ ఉండే ఇద్దరూ ముప్పై ఏళ్లుగా మాట్లాడుకుంటున్నది ఎక్కువగా ఆ గుడ్డతోనే. సాయంత్రం ఇటు ఊడ్చింది ఒక సంచిలోకి, అటు ఊడ్చింది ఇంకో సంచిలోకి వెళ్తాయి. రెండూ కలిసి చెత్తబండి ఎక్కుతాయి.

రోడ్డు దాటితే పార్కు. పొద్దున ఆరున్నరకల్లా ఆయన అక్కడుంటాడు. షుగరు ఉన్నవాళ్లు చేతులూపుకుంటూ గబగబా నడుస్తుంటారు. ఈయన నడవడు. నీళ్ల కుళాయి దగ్గర, కొట్టేసిన చెట్టు మొద్దు పక్కనున్న బెంచీ మీద కూర్చుంటాడు. పార్కుకి వచ్చి కూర్చునేవాడు పెళ్లికి వెళ్లి భోంచెయ్యనివాడితో సమానమని నడిచేవాళ్లు ఎన్నిసార్లన్నారో. ఈయన లెక్కలో మాత్రం ఆ గబగబా నడిచేవాళ్లే వడ్డన చూడకుండా లేచిపోతున్నవాళ్లు. పిట్టల్ని ఆయన చూసే పద్ధతి కూడా వృత్తి ధర్మాన్ని బట్టే ఉంటుంది. చెరువులో బాతులు నూనె రాసి నున్నగా దువ్వుకున్న పెద్దమనుషులు. కాకి మెడ చూస్తే క్షవరం గడువు దాటి నెలైన గుమాస్తా గుర్తొస్తాడు. ఇక తోక కింద ఎర్రమచ్చ ఉన్న పిగిలిపిట్ట అంటే ఆయనకి ప్రాణం. నడినెత్తిన జుట్టు నిక్కబొడుచుకుని ఉంటుంది దానికి. కాలేజీ కుర్రాళ్లు ఆ మోస్తరు జుట్టు కోసం గంటసేపు కూర్చుని జెల్లు రాయించుకుంటారు. ఇది నిద్రలేచి అలాగే వచ్చేస్తుంది.

ఒకరోజు ఆయన భుజం మీది తువ్వాలు దులిపాడు. నిన్నటి క్షవరం ముక్కలు నాలుగు మొద్దు మీద పడ్డాయి. ఎక్కడినుంచి చూసిందో, పిగిలిపిట్ట వచ్చి వాలి, వాటిని ముక్కున కరుచుకుని, కుళాయి వెనకున్న కంచెపొదలోకి దూరింది. ఆయన అలాగే నోరు తెరుచుకుని చూశాడు. నలభై ఏళ్లుగా ఎన్ని వేల తలల జుట్టు తీశాడో. తన చేతిలోంచి రాలిందాన్ని ఒక్కరూ కావాలని అడగలేదు. అందరూ దులిపించుకుని వెళ్లేవాళ్లే. ఒక ప్రాణి వచ్చి ఏరుకుని తీసుకెళ్లింది. అంత సంతోషం ఆయన పెళ్లినాడు కూడా పడలేదు. ఈ మాట భార్యతో అనలేదు, అంత తెలివి ఉంది.

మర్నాటినుంచి జేబులో పొట్లం కట్టుకుని వెళ్లడం మొదలుపెట్టాడు. మొద్దు మీద పెట్టడం, పిట్ట పట్టుకెళ్లడం. దుకాణంలో ఇదే కబురు.

"మీ జుట్టు కూడా ఇవాళ గూట్లోకి వెళ్లిందండీ," అంటాడు కుర్చీలో ఉన్న మనిషితో.

"నాది తెల్లజుట్టు. పుట్టే పిల్లలు ముసలివాళ్లయిపోతారేమో చూడు," అన్నాడు ఆ పాత ఖాతాదారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పెట్టే చెయ్యికి ఆశెక్కువ. గోరంత ముక్కలు ఎన్ని మోస్తే గూడవుతుంది పాపం, అని ఆయనకి దిగులు పట్టుకుంది. ఓ సాయంత్రం తెర పక్కకి జరిపి, "మీ వైపు సంచిలోంచి గుప్పెడు తీసుకోనా?" అని అడిగాడు.

"ఊడ్చిన చెత్త కూడా అడిగి తీసుకునేదాకా వచ్చారా?" అంది ఆవిడ. "తీసుకోండి. మీ పిట్టకి జడ వేస్తారా ఏంటి?"

మూరెడేసి పొడుగున్న నల్లటి జుట్టు. పిట్ట దాన్ని కరుచుకుని ఎగిరితే రెండు వైపులా మీసాల్లా వేలాడింది. ఆయన ఒక్కడే బెంచీ మీద కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాడు.

పార్కులో తోటపని చేసే ఆవిడ ఆయన్ని అన్నా అంటుంది. గూడుందని తెలిసి ఆ కంచె వరకూ కత్తిరించకుండా వదిలేసింది. పిట్ట గుడ్లు పెట్టింది, పొదిగింది, మూడు పిల్లలు. ఆకుల మధ్య మూడు నోళ్లు తెరుచుకుని ఉంటే, తనూ ఆ ఇంటి మనిషైనట్టు ఆయన రోజూ ఓసారి తొంగిచూసి వెళ్లేవాడు. "మనమే పరుపు వేశాం," అని భార్యతో చెప్పాడు కూడా.

పిల్లలు గుడ్లలోంచి వచ్చిన పన్నెండో రోజు, పదిగంటల వేళ, తోటపని ఆవిడ దుకాణం మెట్లెక్కింది. నిదానం గారు పాత ఖాతాదారు తలలో ఎడమవైపు పూర్తి చేసి కుడివైపుకి తిరుగుతున్నాడు.

"అన్నా, ఓసారి రా. రెండు పిల్లలు ఎగిరి కొమ్మెక్కాయి. మూడోది గూటికి వేలాడుతోంది."

"వేలాడటమేంటి?"

ఆవిడ చెప్పనా వద్దా అన్నట్టు తెరవైపు చూసి, "కాలికి వెంట్రుక చుట్టుకుందన్నా. పొడుగుది. పిల్ల పెరిగేకొద్దీ బిగిసింది. పొట్టివాటితో ఏం కాలేదు. ఇంత పొడుగువి తెంచుకోవడం పిట్టలవల్ల కాదు," అంది.

ఆయన చేతిలో కత్తెర ఆగిపోయింది. మంచికి పోతే చెడు ఎదురైందనుకోవడానికి కూడా మనసొప్పలేదు. మంచి ఎవరు చెయ్యమన్నారు? పిట్ట అడిగిందా? "ఇప్పుడే వస్తా," అని మీసాలు దిద్దే చిన్న కత్తెర తీసుకుని, మెడకి గుడ్డ కట్టుకున్న మనిషిని అలాగే వదిలేసి రోడ్డు దాటాడు. ఆయన పరిగెత్తడం ఆ వీధి అదే మొదటిసారి చూసింది.

పిల్ల గూటి అంచు కింద తలకిందులుగా ఉంది. ఇంకా కొట్టుకుంటోంది గానీ మధ్యమధ్య ఆగుతోంది. ఆయన అరచెయ్యి కింద పెట్టి బరువు ఆపాడు. వేడిగా ఉంది, పిడికెడు కూడా లేదు. వేలికొసకి దాని గుండె తగులుతోంది. కాలు ఉబ్బి నీలమైంది. వెంట్రుక మాత్రం ఆయనకి కనపడలేదు. కళ్లజోడు పైకీ కిందకీ జరిపాడు, తల వంచాడు. కత్తెర దగ్గరికి తీసుకెళ్లి ఆగిపోయాడు. కాస్త తేడా వస్తే తెగేది వెంట్రుక కాదు, కాలు.

తోటపని ఆవిడ కంచె కత్తిరించే పెద్ద కత్తెర అందించబోయింది.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా," అన్నాడాయన. "మీ వదినని పిలువు. వెంట్రుకని చూడగలిగేది ఆవిడే."

ఆవిడ పరిగెత్తింది. ఈయన అలా చెయ్యి చాపి నిలబడ్డాడు. తల్లిపిట్ట కొమ్మ మీంచి అరుస్తూ వచ్చి ఆయన బట్టతల మీద పొడిచింది. మళ్లీ వెళ్లి మళ్లీ పొడిచింది. ఆయన తల కూడా తిప్పలేదు. దాని కోపంలో తప్పేముంది?

భార్య వచ్చింది. ఒక కనుబొమ తీర్చి రెండోది మిగిలిన అమ్మాయిని కుర్చీలో వదిలేసి వచ్చింది. చేతిలో కనుబొమలు తీసే ప్లక్కర్ ఉంది. పిట్టల పిచ్చి అని ఇన్నాళ్లూ నవ్విన మనిషి పార్కులో అడుగుపెట్టడం అదే మొదలు. వంగి చూసింది.

"మూడు చుట్లున్నాయి. మీరు చెయ్యి కదపకండి."

నలభై ఏళ్లు ఊరందరికీ తను చెప్పిన మాట ఇది. ఊపిరి బిగబట్టాడు. ఆవిడ ప్లక్కర్ కొసతో పై చుట్టుని పైకి లేపింది.

"నా ప్లక్కర్ కొస కనపడుతోందా?"

"ఆ."

"దానికి ఆనించి కత్తిరించండి. ఇవతలికి. ఊఁ."

ఒకటి తెగింది. రెండోది తెగింది. మూడోది చర్మంలోకి దిగిపోయి ఉంది. ఆవిడ నుదుటి మీది చెమట ముక్కు మీదికి జారింది గానీ తుడుచుకోలేదు. చిన్న కత్తెర టిక్కుమంది. ఆవగింజంత రక్తపుచుక్క వచ్చింది, వెంట్రుక ఊడివచ్చింది. పిల్ల ఆయన అరచేతిలో వెల్లకిలా పడి నోరు తెరిచింది.

"కట్టు కడదామా?" అంది భార్య.

"వద్దు వదినా. కొమ్మ మీద పెట్టి మనం దూరం జరగాలి. తల్లి చూసుకుంటుంది," అంది తోటపని ఆవిడ.

కొమ్మ మీద పెట్టారు. ఒంటికాలి మీద ఊగింది, పడలేదు. వెనక్కి తిరిగేసరికి పార్కు గేటు దగ్గర, మెడకి గుడ్డతో సగం క్షవరమైన పాత ఖాతాదారూ, పక్కనే ఒక కనుబొమ అమ్మాయీ నిలబడి చూస్తున్నారు. ఇద్దరిలో ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. పెద్దాయన మాత్రం, "కాలు దక్కుతుందా?" అని అడిగాడు.

ఎవరికీ తెలీదు. ఆ పూట నిదానం గారు తక్కిన సగం తల ఎలా కత్తిరించాడో ఆయనకే గుర్తులేదు. రాత్రి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు.

"నా వల్లేగా," అన్నాడు.

"జుట్టు నా వైపుది. తీసుకోండన్నదీ నేనే," అంది ఆవిడ. "ఆ తప్పులో సగం నాకివ్వండి. తినండి ముందు."

మర్నాడు ఆరున్నరకి ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది. ఆ రోజూ, తర్వాత రోజూ ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మూడోనాడు కనపడింది. తోబుట్టువుల మధ్య కొమ్మ మీద నిలబడి, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని, తల్లి తెచ్చిన పురుగుని మింగుతోంది. వారానికి ఆ కాలు కూడా కొమ్మ మీద ఆనించింది. వేళ్లు పూర్తిగా ముడవలేకపోయింది. వాలినప్పుడల్లా కాస్త పక్కకి ఒరిగేది. ఆ ఒరగడం చూసినప్పుడల్లా ఆయనకి ఎక్కడో కలుక్కుమనేది. అయినా చూడకుండా ఉండలేకపోయేవాడు. ఎగరడంలో మాత్రం అది తక్కినవాటికి ఏమీ తీసిపోలేదు.

ఇంకో పది రోజులకి తల్లి మళ్లీ గూడు పనిలో పడింది. ఓ పొద్దున వచ్చి మొద్దు మీద వాలింది. ఇటు చూసింది, అటు చూసింది. గెంతుకుంటూ అంచుదాకా వచ్చి, తల పక్కకి వాల్చి ఆయన్నే చూసింది.

"అడుగుతోంది," అన్నాడాయన నెమ్మదిగా. చెయ్యి అలవాటుగా జేబు దగ్గరికి వెళ్లింది.

"అడుగుతుంది. అలవాటు చేసింది మీరేగా," అంది భార్య. "లేదని చెప్పండి."

నలభై ఏళ్లలో ఆయన ఎవరినీ గుమ్మంలోంచి తిప్పి పంపలేదు. ఒంట్లో బాగాలేనినాడు కూడా కుర్చీ దులిపి కూర్చోమన్నవాడే. ఖాళీ జేబులోంచి చెయ్యి తీసి, రెండు అరచేతులూ పిట్టకి చూపించాడు.

"లేదమ్మా," అన్నాడు. "మా దగ్గర లేదు."

అది ఇంకాసేపు చూసింది. ఆ చూపు భరించడం ఆయనకి కష్టమైంది, కళ్లు చెమర్చాయి. పిట్ట గడ్డిలోకి దూకి ఎండిన పరకని లాగింది. రాలేదు. ఇంకోదాన్ని లాగింది. అది వచ్చింది. ముక్కున పెట్టుకుని కంచెలోకి వెళ్లింది. కాసేపటికి మళ్లీ వచ్చి, ఈసారి మొద్దు వైపు చూడకుండా తిన్నగా గడ్డిలోకే దిగింది.

"తొమ్మిదవుతోంది. దుకాణం తియ్యాలి," అంది భార్య. కానీ లేవలేదు.

"ఇంకొక్క పరక," అన్నాడాయన.