రెండు సెకన్ల మాట

నాకు అక్షరాలు నేర్పింది మా పెద్దమ్మ. కాలి జబ్బు వల్ల నేను బడికి పోలేకపోయాను. బళ్ళారి దగ్గర కురుగోడులోని మా ఇంటి అరుగు మీద బైబిలు తెరిచి, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టించి చదివించేది. "వేలు యాడుంటే కన్ను ఆడే ఉండాల. ఎవురన్నా తరుముతాండారా నిన్ను?" అనేది. తను ఇప్పటికీ అలాగే చదువుతుంది.

యాప్‌లు చేయడం నేర్చుకున్నదీ ఆ ఇంట్లోనే, వీడియోలు చూసి. ఆ దయకు దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. మా కాలువ కింది రైతులు నీటి వంతుల కోసం ఒక యాప్ చేసిపెట్టమన్నప్పుడు, నేర్చుకున్నది నలుగురికి పనికొస్తోందని ఎంత సంతోషించానో! అంతకుముందు పొద్దున్నే పోయి నీరుగంటి దగ్గర పేరు రాయించుకోవాల్సి వచ్చేది. కాలువ గేటు తెరిచి మూసేది ఆయనే. ఇప్పుడు చేనిలోనే నిలబడి మీట నొక్కితే చాలు.

నొక్కాక పేరు చేరిందో లేదో మనిషికి చెప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి టోస్ట్. తెర అడుగున నల్లటి పట్టీలో ఒక మాట తేలి, రెండు సెకన్లలో దానంతటదే పోతుంది. రెండోది అలర్ట్. తెర మధ్యలో పెట్టెలా నిలబడి, 'సరే' నొక్కేదాకా కదలదు. దారికి అడ్డం నిలబడడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. అందుకని టోస్ట్ పెట్టాను. పేరు చేరినా ఆ పట్టీయే, చేరకపోయినా ఆ పట్టీయే. అది మర్యాద అనుకున్నాను.

ఒకే కోడ్ రెండు రకాల ఫోన్లలోనూ నడవాలి. ఆండ్రాయిడ్‌లో టోస్ట్ ఫోన్‌తోపాటే ఉంటుంది. ఐఫోన్‌లో లేదు, మనమే తయారుచేసుకోవాలి. అంత కష్టం ఎందుకని, అక్కడికి మాత్రం అలర్ట్ పెట్టేశాను. మా కాలువ కింద ఐఫోన్ ఎవరికుంది కనక?

పెద్దమ్మ మిరప చేను అప్పుడు నిండా పూత మీద ఉంది. ఆ తడి తప్పితే మళ్ళీ పది రోజులకుగానీ నీళ్ళు రావు, అంతలో పూత నిలవదు. "నువ్వు చేసినేదాన్ని నేనే నొక్కుతా" అని చేనికి పోయి తనే నొక్కింది. మరుసటి రోజు నీళ్ళు రాలేదు. ఇద్దరం గేటు దగ్గరికి పోయాం.

నీరుగంటి ఫోన్ చూసి తల అడ్డంగా ఊపాడు. "నీ పేరే లేదు కదక్కా ఈడ."

"ఏంది లేదు? నొక్కితిని కదప్పా! నల్లగా ఏందో వచ్చి పోయినాది. పనైపోయినాదని కండ్లు మూసుకొని స్తోత్రం చెప్పుకుంటి."

"నీ స్తోత్రం దేవునికి ముట్టింటాది. నా ఫోన్‌కు ముట్టలే."

పక్క చేను ఆసామి అక్కడే ఉన్నాడు. బళ్ళారిలో సత్యనారాయణపేటలో ఉంటాడు, వంతు రోజుల్లో బైక్ మీద వచ్చి పోతాడు. "నాకూ మొదలు పోలేదమ్మా. 'సిగ్నల్ లేదు, నమోదు కాలేదు, మళ్ళీ నొక్కండి' అని పెట్టె వచ్చి నిలబడినాది. గట్టెక్కి మళ్ళా నొక్కితిని, పోయినాది" అన్నాడు. అతని చేతిలో ఐఫోన్ ఉంది.

అదే మాట పెద్దమ్మ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ వచ్చింది, నల్ల పట్టీలో. రెండు సెకన్లు ఉండి పోయింది. ఆమె వేలు మొదటి అక్షరం కిందికైనా చేరి ఉండదు. ఆ వేలిని నాకంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు. అయినా యాప్ చేస్తున్నప్పుడు నాకది గుర్తుకు రాలేదు.

"తప్పు నాదేప్పా. కండ్లు పోయినాయి నాకు" అంది పెద్దమ్మ. నేను నోరు మెదపలేదు.

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆమె, "మా బిడ్డకు తెలివినిచ్చినావు తండ్రీ, నీకు స్తోత్రం" అంది. ఆమేన్ అన్నాను. అంత సులువుగా ఎలా అనగలిగానో ఇప్పటికీ తెలియదు.

ఐదో రోజు పొద్దున ఆమె ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని గడపలో నిలబడింది. "పదా, బళ్ళారి బస్సుకు పోదాం. కండ్లద్దాలు చేయించుకుంటా. మళ్ళా వంతుకైనా తప్పు చేయకూడదు."

అప్పుడు చెప్పేశాను. రెండు ఫోన్ల సంగతి, నా మర్యాద, నా బద్ధకం, గేటు దగ్గర గుటకేసిన మాట, అన్నీ.

ఆమె నా మొహంలోకి చూసింది. "అంటే నా కండ్లు బాగుండాయా?"

"బాగుండాయి పెద్దమ్మా."

"ఐదు దినాలు గుడ్డిదాన్నని ఏడుస్తాంటి కదే! పూత రాలితే రాలినాది, దానికి నేనేమనను. నన్ను చూస్తా చూస్తా ఎట్ల ఊరుకుంటివి?" చెప్పులు విడిచి లోపలికి పోయింది. ఆ పూట నాతో మాట్లాడలేదు.

ఆ రోజే కూర్చుని కోడ్ మార్చాను. ఇప్పుడు ఏ ఫోన్‌లోనైనా పెట్టె వచ్చి నిలబడుతుంది. నీరుగంటికీ తప్పు నాదేనని చెప్పాను.

తర్వాతి వంతుకు ఆమెతో చేనికి పోయాను. ఆమె మీట నొక్కింది. సిగ్నల్ లేదు, పెట్టె వచ్చింది. చూపుడు వేలు పెట్టి "సి... గ్న... ల్..." అని చదవసాగింది. పెట్టె కదలకుండా ఆమె కోసం ఆగింది. చివరి అక్షరం దాకా చదివి, 'సరే' నొక్కి, గట్టెక్కి మళ్ళీ పంపింది. 'నమోదైంది' అని వస్తే దాన్నీ వేలితోనే చదివింది. అప్పుడు కళ్ళు మూసుకుంది.

నేనూ మూసుకుందామనుకున్నాను. కానీ ఎదురుగా మిరప చెట్ల కింద పూత ఎండిపోయి పరుచుకుని ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.