నా పేరు మీద ఉన్న వారం

మొన్న మా టౌన్‌షిప్ క్లబ్బులో రిసార్టు కంపెనీవాళ్ళు మళ్ళీ ఆ అమ్మకం సినిమా వేశారు. సముద్రం ఒడ్డు, ఈతకొలను, తెల్లటి పక్క మీద గెంతులేస్తున్న పిల్లలు. ఏడాదికి ఒక వారం, పాతికేళ్ళ పాటు ఆ గది మీదే అని మైకులో చెప్పారు. సమోసా, చాయ్ ఇచ్చారు. బయటికొస్తుంటే కొత్తగా చేరిన ఆపరేటర్ ఒకడు నా పక్కకొచ్చాడు. వెనకాల భార్య, ఆమె చంకలో పసిబిడ్డ. మీరు అప్పట్లో తీసుకున్నారట కదా సార్, మాలాంటి సంసారాలకు అది పనికొస్తుందా అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. నీ ఇష్టం నాయనా, నన్నెందుకు అడుగుతావని విదిలించుకుని వచ్చేశాను. పాపం, అతని తప్పేమీ లేదు. జవాబు నాకు తెలుసు, క్లబ్బు గుమ్మంలో నిలబడి చెప్పేది కాదు, అంతే. అదేదో ఇక్కడ చెప్పుకుంటాను.

నేను బస్తర్‌కు వచ్చింది ఇరవై రెండేళ్ళ వయసులో, శ్రీకాకుళం వైపు నుంచి. ఇనుప గనిలో షావెల్ నడపడం నా పని. కొండను తవ్వి డంపర్లలో పోసే పెద్ద యంత్రం అది. మా సెక్షన్లో ఆ రకం ఒక్కటే ఉండేది, నడపడం వచ్చినవాళ్ళం ముగ్గురం. పొద్దుటి ఏ, మధ్యాహ్నపు బి, రాత్రి సి, మూడు షిఫ్టులకు ముగ్గురం. మూడో ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, సి షిఫ్టు తప్ప ఇంకేదీ చెయ్యడు, పగటి ఎండకు ఓపిక లేదంటాడు. మిగిలింది నేను, నా జోడీ. వాడికి జ్వరం వస్తే నేను పదహారు గంటలు, మా ఇంట్లో పెళ్ళయితే వాడు పదహారు గంటలు. ఇద్దరం కలిసి సెలవు పెట్టడమన్నది ఆ కొండ మీద ఎన్నడూ జరగలేదు.

వాడిది కోంటా దగ్గర గొల్లపల్లి. దోర్లీ, హల్బీ, హిందీ, తెలుగు, అన్నీ ఒక్క నోటితోనే గడగడా మాట్లాడేస్తాడు. నేను 'ఏటి' అంటే నవ్వేవాడు, వాడు 'ఏంది' అంటే నేను వెక్కిరించేవాణ్ణి. క్వార్టర్లు ఎదురెదురు. వాడు నన్ను అన్న అనేవాడు, వాడి భార్య కూడా అన్నా అనే పిలిచేది. నేను డబుల్ చేసే రోజుల్లో రెండో షిఫ్టు అన్నం డబ్బా వాళ్ళింటి నుంచే వచ్చేది. అదొక కట్టుబాటు మాలో. ఎవడి కోసం డబుల్ చేస్తున్నామో ఆ ఇంటివాళ్ళు అన్నం పంపాలి.

ఆ సినిమా మొదటిసారి వేసినరోజు మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఒక్కడి వల్ల అయ్యే బేరం కాదు. అప్పుడు మా బుర్రలకు ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. యంత్రం ఒక్కటే, నడిపేది ఇద్దరం. వారం కూడా ఒక్కటే కొందాం, ఒక ఏడాది నేను, ఒక ఏడాది వాడు. ఎలాగూ ఒకేసారి వెళ్ళలేం కదా. ఒకడు వెళ్తే ఇంకొకడు ఇక్కడ డబుల్. షిఫ్టు మార్చుకున్నంత తేలిక అనుకున్నాం. ఈయన బదులు నేను పోవచ్చా అని వాడు అమ్మడానికొచ్చినాయన్ని అడిగాడు కూడా. ఎందుకు పోకూడదు, మీవాళ్ళందరూ వెళ్ళొచ్చు అన్నాడాయన. కాగితాల మీద ఒక పేరే పడుతుంది అన్నాడు. పెద్దవాడివి నీ పేరే రాయించన్నా అన్నాడు నా జోడీ. గంగిరెద్దులా తల ఊపి నా పేరు రాయించాను.

మొదటి ఏడాది వంతు మాది. అబద్ధం చెప్పను, బాగుంది. విశాఖ దాటాక సముద్రం ఒడ్డున. మా ఆవిడ అలవాటు మానుకోలేక బియ్యం, ఆవకాయ, చిన్న స్టవ్వు మూటగట్టుకొచ్చింది, ఏడు రోజులూ అవి మంచం కిందే ఉండిపోయాయి. స్నానం చేస్తే మా ఒంటి నుంచి ఎర్రటి నీళ్ళు పారాయి. కొండ దుమ్ము కదా, ఎంత తోమినా ఏ మూలో మిగులుతుంది. ఆ తెల్ల దుప్పటి పాడవుతుందని మా పెద్దమ్మాయి తన ఓణీ పరుచుకుని పడుకుంది. కౌంటరు దగ్గర నా ఫొటో తీసి కార్డు చేసిచ్చారు. వచ్చినప్పుడల్లా ఇది మీరే తీసుకురావాలి సార్, మెంబరు మీరు కదా అంది అక్కడి అమ్మాయి. సార్ అన్నందుకు ఉబ్బిపోయానే తప్ప, ఆ మాటకు అర్థమేమిటని ఆలోచించలేదు. నా మట్టిబుర్రను ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

తిరిగొచ్చాక ఆ వారం గురించి వాడి భార్యకు మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆమెకు సముద్రం సంగతి అక్కర్లేదు, ఈతకొలను సంగతి అక్కర్లేదు. ఒక్కటే కావాలి. మా ఆవిడ అక్కడ పొద్దున ఎనిమిదింటిదాకా పడుకుంది. తలుపు కొట్టి ఎవరో చాయ్ ఇచ్చారు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. షిఫ్టు మనిషి ఇంట్లో ఆడదాని సంగతి తెలియనివాళ్ళకు ఇది తమాషాగా ఉంటుంది. పొద్దుటి ఏ షిఫ్టు వారం నాలుగింటికే పొయ్యి వెలిగించాలి. బి షిఫ్టు వారం అర్ధరాత్రి ఇల్లు చేరి పొద్దెక్కేదాకా పడుకున్న మొగుడు లేవకుండా గిన్నె చప్పుడు కాకుండా తిరగాలి. పెళ్ళయ్యి పదిహేనేళ్ళు, ఆమె తనంతట తను నిద్ర లేచిన రోజు ఒక్కటీ లేదట, ఎప్పుడూ సైరనే లేపిందట. ఒకసారి నా ముందే మా ఆవిణ్ణి అడిగింది.

"అక్కడ సైరన్ ఉండదా వదినా?"

ఉండదని చెబితే చిన్నపిల్లలా నవ్వింది.

రెండో ఏడాది వాళ్ళ వంతు వచ్చింది. నాలుగు నెలల ముందే నా పేరు మీద వారం బుక్ చేశాను. వాడి సెలవు మంజూరయింది, నా డబుల్ డ్యూటీ కాగితం మీద సంతకం పడింది. వాడి భార్య ఇద్దరు ఆడపిల్లలకు కొత్త గౌన్లు కుట్టించింది. మా ఆవిడ తన మంచి చీర ఒకటి ఇచ్చి పంపింది. పొద్దున బండికి నేనే ఎక్కించాను. నా కార్డు తీసి వాడి చొక్కా జేబులో పెట్టాను, చూపించు, అంతే అని. రాత్రికి విశాఖ చేరి, స్టేషన్లో పడుకుని, మర్నాడు పొద్దున్నే సముద్రం ఒడ్డుకు చేరారు.

ఆ రోజు పొద్దుటి ఏ షిఫ్టు నాది, దాని తరవాత వాడి బి షిఫ్టు కూడా నాదే. పదకొండు గంటలప్పుడు వైర్‌లెస్‌లో పిలిచారు, ఫోర్‌మన్ గదికి ఫోనొచ్చిందని. డంపర్లు వరసగా నిలబడి ఉన్నాయి. నాలుగింటిని నింపి పరిగెత్తాను. ఫోనులో నా జోడీ. గొంతు మామూలుగానే ఉంది.

"అన్నా, కార్డు మీద నీ ఫొటో ఉన్నదట. నువ్వు వస్తేనే గది ఇస్తరట."

కౌంటరు అమ్మాయికి ఫోను ఇమ్మన్నాను. చాలా మర్యాదగా మాట్లాడింది. మెంబరు రాకపోతే అతిథి ఉత్తరం కావాలండి, దానికి సిటీ ఆఫీసుకు మూడు వారాల ముందు రాయాలండి, లేదంటే మీరొచ్చి సంతకం పెడితే చాలండి, మిమ్మల్ని చూసి వాళ్ళని లోపలికి పంపేస్తాం అంది. ఆమె ఒక్క మాట పరుషంగా అన్నా తిట్టి ఉండేవాణ్ణి. అనలేదు. మళ్ళీ వాడు ఫోను తీసుకున్నాడు. ఉండు, ఏదో ఒకటి చేస్తాను, అక్కడే ఉండండి అన్నాను.

ఎందుకన్నానో ఆ మాట.

ఫోర్‌మన్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన హిందీ మనిషి, చెడ్డవాడు కాదు. నువ్వు పోతే షావెల్ ఎవడు నడుపుతాడు, నీ జోడీ సెలవులో ఉన్నాడు కదా అన్నాడు. వాడి కోసమే అడుగుతున్నాను సార్ అన్నాను. అదే నేనూ అంటున్నాను అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడు అక్కడికి వెళ్ళాలంటే నేను ఇక్కడ ఉండాలి. వాడు గది లోపలికి వెళ్ళాలంటే నేను అక్కడ ఉండాలి. ఏ బుద్ధిమంతుడైనా మొదటిరోజే చూడాల్సిన విషయం. ఇద్దరం పదేళ్ళు ఒకే సీటులో కూర్చున్నాం, ఒక్కడికీ తట్టలేదు. కొండ మీద వాడి బదులు నేను కూర్చుంటే వాడి హాజరు పడేది, నా బదులు వాడు కూర్చుంటే నాది పడేది. ప్రపంచమంతా అలాగే ఉంటుందనుకున్నాం.

సెలవు లేకుండా పోవచ్చు. ఆ మాట కూడా చెప్పాలి. మర్నాడు పొద్దున బండి ఎక్కితే రాత్రికి చేరేవాణ్ణి. యంత్రం ఆగిపోతే ఛార్జిషీటు ఇస్తారు, ఇంక్రిమెంటు పోతుంది, క్వార్టరు దాకా వస్తుంది వ్యవహారం. భయపడ్డాను. ఇద్దరు పిల్లల తండ్రిని అని నాకు నేను చెప్పుకున్నాను. అక్కడ సోఫాలో కూర్చున్నవాడూ ఇద్దరు పిల్లల తండ్రే.

మళ్ళీ యంత్రం ఎక్కాను. రెండింటికి షిఫ్టు మారే సమయంలో సిటీ ఆఫీసుకు ఫోను కొట్టాను, ఏదో సంగీతం వినిపిస్తూనే ఉంది. టైం ఆఫీసు గుమాస్తా బాబు కాళ్ళావేళ్ళా పడ్డాను, బదులు మనిషి లేడన్నాడు. నాలుగింటికి చాయ్ విరామంలో రిసార్టుకు ఫోను చేశాను. కౌంటరు అమ్మాయి ఎత్తింది. మీ వాళ్ళు ఇక్కడే కూర్చున్నారు, పిలవమంటారా అంది. 

"వద్దమ్మా. కుదర్లేదని మీరే చెప్పండి" అన్నాను.

పెట్టేశాను. ఇన్నేళ్ళయింది, ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. వాడికి నేను స్వయంగా చెప్పాల్సిన మాట ముక్కూ మొహం తెలియని పిల్ల చేత చెప్పించాను. పొద్దుటి నుంచి నా మాట పట్టుకుని నలుగురూ ఆ సోఫాలో కదలకుండా కూర్చున్నారని, ఏ క్షణాన పిలుస్తారోనని పిల్లల్ని సముద్రం దగ్గరికి కూడా పంపలేదని తరవాత తెలిసింది.

మర్నాటి బండికే వెనక్కి వచ్చేశారు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల మంచిదన్నా, చల్లటి నీళ్ళు తెచ్చిచ్చింది, బిస్కెట్లు పెట్టింది అన్నాడు. వాటా డబ్బు తిరిగిస్తానంటే ఏందన్నా ఆ మాట అని లేచి వెళ్ళిపోయాడు. కొట్టినా బాగుండేది. సెలవు రద్దు చెయ్యమని అర్జీ పెట్టాడు కానీ సెక్షన్ బాబు ఒకరోజు పడుతుందన్నాడు. అందుకని వాళ్ళు వచ్చిన మర్నాడు కూడా డబుల్ నేనే చేశాను.

ఆ మధ్యాహ్నం కొండ మీదికి వచ్చే బస్సులో డబ్బా వచ్చింది. వాళ్ళింటి డబ్బా. అన్నం, పప్పు, చింతచిగురు వేసిన ఎండుచేపల పులుసు. మొగుడు డ్యూటీకి వెళ్ళే పని లేని రోజు. ఆమెకు రావాల్సిన ఏడు రోజుల్లో ఒకరోజు. నేను డబుల్ చేస్తున్నది ఆమె మొగుడి కోసం కాబట్టి అన్నం పంపాలి, పంపింది. కింద క్వార్టర్లో ఉన్న మా ఆవిడ చెప్పింది, ఎదురింట్లో నాలుగింటికే దీపం వెలిగిందని. 

మర్నాడు నాతో షిఫ్టు మార్చుకుని వాడు పొద్దుటి ఏ షిఫ్టుకు వెళ్ళాడు. నేను డబ్బా కడిగి ఇవ్వడానికి వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మా ఆవిడ చీర ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. నేను ఏదో అనబోయాను, క్షమించమనో ఏదో. ఆమె ఒక రాయి ఏరి బయటికి విసిరింది. వచ్చే ఏడాదికి అతిథి ఉత్తరం ముందే తెప్పిస్తానన్నాను. చూద్దాంలే అన్నా అంది. మరుసటి ఏడాది తెప్పించాను కూడా. వాళ్ళు వెళ్ళలేదు. తరవాతెప్పుడూ వెళ్ళలేదు. మేమూ వెళ్ళలేదు, ఎలా వెళ్తాం. ఏటేటా ఉత్తరం వస్తుంది, మీ వారం మీ కోసం ఎదురుచూస్తోందని.

ఆ కుర్రాడికి ఏం చెప్పమంటారు? గది మంచిదే. పక్క మెత్తనిదే. నువ్వు అనుకున్నప్పుడు సెలవు నీ చేతిలో ఉంటే, నీ బదులు ఇక్కడ ఎవరూ నిలబడక్కర్లేకపోతే, తీసుకో. మా బతుకులు అలాంటివి కావు.

ఆ రోజు డబ్బా గుమ్మం మీద పెట్టి వెనక్కి తిరిగాను. అప్పుడు ఆమె పిలిచింది. చేతిలో బియ్యం చేతిలోనే ఉన్నాయి.

"అన్నా, ఆ గది ఎవరికన్న ఇచ్చిండ్రా?"

"లేదమ్మా. ఈ వారమంతా నా పేరు మీదే ఉంటుంది. ఎవరికీ ఇవ్వరు."

చేతిలో బియ్యం చేటలోకి జారవిడిచింది.

"పక్క పరిచే ఉన్నదా మరి?"

ఉందమ్మా అన్నాను.