గంజి పట్టిన పియానో

తెనాలిలో హార్మోనియం పాడైతే బసవలింగం దగ్గరికి తీసుకెళ్తారు. అతను పుట్టింది చీరాలలో, మగ్గాల ఇంట్లో. నేత వదిలి ముప్పయ్యేళ్లయినా ఏ వస్తువునైనా ముందు వేళ్లతోనే చూస్తాడు.

మొన్న వానలు వెలిశాక రేపల్లెలోని ఒక చర్చి నుంచి పిలుపొచ్చింది. అక్కడి పాత పియానోలో వేలు తీసినా స్వరం ఆగడం లేదు. ఒక స్వరం మీద ఇంకో స్వరం పొర్లి, పాటంతా గట్టు తెగిన కాలవ అవుతోంది. శనివారం సాయంత్రానికి బాగుపడకపోతే అమ్మేస్తామని సంఘపెద్ద అజయ్ బాబు కొనేవాడికి మాటిచ్చేశాడు. పన్నెండేళ్లుగా దాని మీదే పిల్లలకు పాటలు నేర్పుతున్న స్నేహలతకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

శనివారం పొద్దున్నే బసవలింగం వచ్చాడు.

"ఆగమంటే ఆగదు బాబాయ్, అచ్చం అజయ్ బాబు గారి ప్రార్థనలాగ," అంది స్నేహలత.

"వింటున్నానమ్మా," అన్నాడు గుమ్మంలోంచి అజయ్ బాబు.

బసవలింగం ముందు పలక తీసి, అలాగే నిలబడిపోయాడు. పియానో లోపలిని చూడడం అతనికదే మొదలు. వందల తీగలు మగ్గం మీది పడుగు పోగుల్లా బిగిసి, మసక వెలుతురును మోస్తున్నాయి. "ఇంత పడుగు నిలువునా ఎవరు తీశారమ్మా!" అన్నాడు గొంతు తగ్గించి.

తీగలకు ఆనుకుని చిన్న చిన్న ఉన్ని దిళ్లు. వేలు తీయగానే అవి వచ్చి తీగను హత్తుకోవాలి, అప్పుడే మోత ఆగుతుంది. ఒకదాన్ని తాకాడు. గట్టిగా ఉంది. గోటితో గీరితే తెల్లటి పొడి రాలింది. నాలిక మీద వేసుకున్నాడు.

"ఇది గంజండి!"

పక్కనే నిలబడి చూస్తున్న, చర్చి బట్టలు ఉతికే పున్నమ్మ మొహం పాలిపోయింది. "వానకి బూజు పట్టాయని తుడిచానన్నయ్యా. మరీ మెత్తగా వేలాడుతున్నాయని కాస్త పలచగా రాశా. చీరలకైతే అందరూ మెచ్చుకుంటారు."

"గంజిలో ఒక్క ఉండ లేదు చెల్లెమ్మా. మా అమ్మ బతికుంటే పడుగుకి గంజి పెట్టే పని నీకే అప్పజెప్పేది. పద, వేణ్ణీళ్లు పెట్టు."

ఒక్కో దిండునీ విప్పి, వేణ్ణీళ్లలో పిండిన గుడ్డతో అద్ది, సూదిమొనతో ఉన్ని పోగులు లేపాడు. పున్నమ్మ నీళ్లు మారుస్తూనే ఉంది. ఆరబెట్టి తిరిగి బిగించేసరికి నాలుగు దాటింది.

స్నేహలత ఒక మెట్టు నొక్కింది. స్వరం లేచింది. వేలు తీసింది. స్వరం లేదు.

ఆ ఆగిన చోటికి బయటి లోకం మెల్లగా వచ్చింది. ముందు రేకుల మీద పిచ్చుక అడుగులు, తర్వాత ఎక్కడో బోరింగు కొడుతున్న చప్పుడు, ఆఖరికి ఎవరి ఊపిరి వారికే. ఆమె రెండు చేతులతో పెద్ద స్వరాలు మోగించి ఒక్కసారిగా ఎత్తింది. గోడలు కూడా ఆగాయి.

"మోగడం చాలా విన్నానమ్మా," అన్నాడు బసవలింగం కళ్లు తుడుచుకుంటూ, "ఇంత చక్కగా ఆగడం ఇప్పుడే వినడం."

బయట పియానో కొనేవాడి వ్యాను హారను మోగింది. అజయ్ బాబు చెప్పులు వేసుకోకుండానే గబగబా వెళ్లి, డ్రైవరు చెవిలో గుసగుసగా చెప్పాడు:

"అమ్మట్లేదండి. కాస్త ఆ హారను ఆపండి."