ఫ్లెక్సీలో నా మెడ కింద

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను పెద్దమనిషినయ్యాను. వెంటనే తిరుమలగిరి చౌరస్తాలో నా ముఖం వేలాడింది. గొర్లు కాసే మా బాపు ముచ్చటపడి ఫంక్షన్‌కు పెద్ద ఫ్లెక్సీ కొట్టించాడు. నా ఫోటో విడిగా ఒక్కటీ లేదు. షాపువాళ్లు బడిలో దిగిన గ్రూప్ ఫోటోలోంచి నా తల కత్తిరించి ఎవరో పిల్ల ఒంటికి అతికించారు. ఎర్ర పట్టు లంగావోణీ, వడ్డాణం, వెనక జలపాతం. కింద గుండ్రాల్లో మామల ముఖాలు, కులపెద్దల ముఖాలు. అమ్మ మాత్రం ఎక్కడా లేదు.

దారినపోయే లారీ డ్రైవర్లకు కూడా నా సంగతి తెలిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. చౌరస్తా తప్పించి చేన్ల వెంబడి చుట్టుతిరిగి బడికి పోయేదాన్ని.

ఫంక్షన్ అయ్యాక, అందరూ చేసినట్టే, బాపు ఫ్లెక్సీ విప్పుకొచ్చి గొర్ల దొడ్డి మీద కప్పాడు, బొమ్మ లోపలికి వచ్చేట్టు. అక్కడ దానితో నాకు స్నేహం కుదిరింది. మధ్యాహ్నాలు గొర్రెపిల్లల మధ్య పడుకుంటే, పైనుంచి ఎండ ఆ లంగాలోంచి దిగి నా చేతులూ వాటి చెవులూ అన్నీ ఎర్రబడేవి. గాలికి జలపాతం కదిలేది. ఈ ఒళ్లు ఎవరిదో, ఆమె తల ఏ ఊళ్లో ఉందో అనుకుంటూ నిద్రలోకి జారేదాన్ని. కలలో మేమిద్దరం తలలు మార్చుకునేవాళ్లం. లేచాక కూడా కాసేపు నేనెవరో తేలేది కాదు.

హైదరాబాద్‌లో బొమ్మలు వేయడం చదువుకుని వచ్చాక ఆ ఫ్లెక్సీ నాకిమ్మన్నాను.

"గొర్రెపిల్లలు తడుస్తయ్ బిడ్డా" అన్నాడు బాపు.

కొత్త టార్పాలిన్ కొనిచ్చి తెచ్చుకున్నాను. ఎండలకు వెలిసిన నా ముఖం కత్తిరించి, మెడ కింద గొంగడి ముక్కలు, యూనిఫాం గుడ్డ, గాజుపెంకులు అతికించి నా ఒళ్లు నేనే చేసుకున్నాను. గుండ్రాలన్నిటిలో అమ్మను పెట్టాను.

మహబూబ్‌నగర్‌లో మిత్రులం కలిసి బొమ్మలు ప్రదర్శనకు పెట్టినప్పుడు బాపును రమ్మన్నాను. అప్పటికి చిన్నాయిన కూతురు పెద్దమనిషయింది. చౌరస్తాలో ఫ్లెక్సీకి చిన్నాయిన మాట్లాడేశాడు కూడా. ఇంటికి పెద్ద బాపే, ఆయన చెబితేనే ఆగుతుంది. ఆయన ముచ్చటే నన్ను బాధపెట్టిందని ఎన్నేళ్లయినా నాకు నోరు రాలేదు. ఆ బొమ్మే చెప్పాలని నా ఆశ.

బాపు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. గొంగడి ముక్కను వేలితో తడిమాడు.

"మంచిగనే అతికినవ్."

అంతేనా అనుకున్నాను. నా వైపు చూడకుండానే మళ్లీ అన్నాడు:

"గప్పుడు నిన్నొక్క మాట అడగకపోతి."

నాకు ఏడుపాగలేదు. బాపు కండువాతో తన ముఖం తుడుచుకుని, బయటికి నడిచి, నేను వెనకే వెళ్లేసరికి స్పీకర్ పెట్టి చిన్నాయినకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, ఫ్లెక్సీ జర ఆపు. ముందుగాల పిల్లనడుగు."

అవతల చిన్నాయిన గొణిగాడు. తర్వాత పిల్లను పిలిచాడు. వద్దంటుంది, తప్పకుండా వద్దంటుందని నేను ఫోన్‌కు దగ్గరగా జరిగాను.

"పెట్టుర్రి పెద్దబాపూ" అంది చెల్లె. "గని నేను కబడ్డీ ఆడేటి ఫోటో పెట్టాలె. నిక్కరుతోనే."

నిక్కరు మాటకు బాపు కండువా భుజం మీదికి లాక్కున్నాడు.

"నువ్వెట్లంటే గట్లనే బిడ్డా" అన్నాడు.

పక్కనే నిలబడి ఆ మాట విన్నాను. సంతోషంతోపాటు, చెల్లె మీద పట్టరానంత కుళ్లు పుట్టింది.