మా బర్రెకొండ చైనా రాయి ఎప్పుడయింది?

షార్జాలో నేను పనిచేసే రాళ్ళ యార్డులో పొద్దున్నే కోత యంత్రం మొదలవగానే, నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రం కింద నల్లరాయి తెగుతున్న వాసన మా ఆఫీసు గదిదాకా వచ్చేస్తుంది. తొలకరి చినుకు పడిన బండ వాసనకి కాస్త ఇనుము వాసన కలిపితే అది. మిగతావాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని తుమ్ముతారు గానీ, మా తాత పైపంచెలోనూ మా అమ్మ కొంగులోనూ తల దూర్చి పడుకుని పెరిగినదాన్ని, నాకు అది ఇంటి వాసన. ఇన్నేళ్ళూ అది తగిలితే మనసు మెత్తబడేది. ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. ఎందుకు మండుతోందో చెబుతాను, నా మాట కరుగ్గా ఉంటే ఉండనీయండి.

మా అమ్మ వెంకాయమ్మ కరోనా రెండో ఏట పోయింది. విమానాలు దొరకని రోజులు. ఇక్కడ షార్జాలో, రోలా పేటలోని మా ఇరుకు ఫ్లాటు వంటగదిలో నిలబడి, తమ్ముడు మట్టి వేయడం ఫోనులో చూశాను. తలవైపు గుర్తుగా వాడొక వేపకొమ్మ పాతాడు. మేం రాళ్ళు కొట్టే వడ్డెరోళ్ళం. పుట్టింది మొదలు రాయితోనే బతికిన మనిషి తలాపున రాయి లేకుండా పడుకోవడమేమిటి? అదీ ఏదో ఒక రాయి కాదు, మా బర్రెకొండ రాయే కావాలి. తమ్ముడు ఆ కొండ తవ్వుతున్న క్వారీ గేటు దగ్గరికి పోయి, ఒక్క చెక్క ఇవ్వండయ్యా, మా అమ్మకి, అని అడిగితే అక్కడి మేస్త్రీ, ఎక్స్‌పోర్టు మాలు ముట్టుకుంటే కేసు పెడతామన్నాడట. బజారులో కొనరా అంటే వాడు నా మీద లేచాడు. “మన కొండని మనం కొనుక్కోవాలా అక్కా? నాకు సిగ్గు లేదా?” అన్నాడు. అప్పటినుంచీ అమ్మ తలరాయి నా మెడకి చుట్టుకుంది. అది పెట్టేదాకా నాకు నిద్ర లేదు.

బర్రెకొండ ఎక్కడుందో మీకు తెలియదు. తెలిసే దారి ఎవడు పెట్టాడు గనక? మా బడి సాంఘికశాస్త్రం పుస్తకంలో మా ప్రాంతం గురించి ఒకే ఒక్క ముక్క ఉండేది, ఇచ్చట నల్లరాయి లభించును అని. అంతే! మనుషులు లభించరు కాబోలు. ఒంగోలు నుంచి పడమరగా పోతే, పొగాకు చేలు, ఆ చేల మధ్య ఆకు కాల్చే బ్యారన్లు, వాటి తియ్యటి ఘాటు దాటాక, బురదలో చల్లగా పడుకున్న బర్రెలాగా నల్లగా, వీపు తేలి కనబడేది మా కొండ. దాని పొట్ట కింద మా వడ్డెపాలెం. మా తాత తాతలు ఆ కొండ రాయి చీల్చి చుట్టుపక్కల చెరువులన్నిటికీ తూములు కట్టారు, ఊళ్ళ గుళ్ళకి స్తంభాలు నిలబెట్టారు. మా తాత ఆ పేర్లన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవాడు. అది చరిత్ర కాదట, ఎవరూ రాసుకోలేదు.

ఎండాకాలం పగలంతా కాలిన కొండ అర్ధరాత్రిదాకా వేడి కక్కుతూనే ఉండేది, సముద్రపు గాలి తిరిగాకే మేం చాపలు తీసుకుని బండ మీదికి ఎక్కి వరసగా పడుకునేవాళ్ళం, కిందనుంచి గోరువెచ్చగా, పైనుంచి చల్లగా. వాన పడితే కొండ మీది దొనలన్నీ నిండేవి, ఒక్కో దొనలో మోకాలి లోతు నీళ్ళు, తోకకప్పలు, నాచు, మా ముఖాలు. ఆడపిల్లలందరం రాతి బెడ్డలు నున్నగా అరగదీసుకుని అచ్చంగాయలాడేవాళ్ళం, మగపిల్లలు జారుడుబండ మీద జారి జారి లాగులు చింపుకుని ఇంటికొచ్చి దెబ్బలు తినేవాళ్ళు. చలికాలం కొండ వెనకనుంచి సీతాఫలాలు తెచ్చి జొన్నపొట్టులో పూడ్చిపెట్టి, పండాయా లేదా అని పూటకోసారి తవ్వి చూసి అమ్మ చేత తిట్లు తినడమే మాకు పని. బలుసుపళ్ళు, రేగుపళ్ళు, కలివిపళ్ళు, ఏ కాలానికి ఏది కావాలో కొండే పెట్టేది. పగిలిన రాయి అంచు ఎండలో పెట్టి చూస్తే నల్లటి దాంట్లో బంగారు చుక్కలు మెరిసేవి. మేం దాన్ని చుక్కలరాయి అనేవాళ్ళం. ఆ చుక్కలే మా కొంప ముంచాయి.

రాయి కొట్టే ముందు తాత బండకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టేవాడు. ఉలితో వరసగా గుంటలు పెట్టి, వాటిలో ఇనప చీలలు దిగ్గొట్టి, సమ్మెటతో ఒక్కొక్కదాన్నీ తడుతూ పోయేవాడు, తొందర లేదు, మధ్యలో చుట్ట కాల్చుకునేవాడు. అమ్మ పక్కన నిలబడి నీళ్ళు పోసేది. కాసేపటికి బండ తనంతట తనే కీచుమని నిట్టనిలువునా విడిపోయేది. ఎంత కావాలో అంతే. రోలుకి రోలంత, తిరగలికి తిరగలంత. పోలేరమ్మ కొలుపు నాడు మాత్రం కొండ మీద ఉలి పెట్టనిచ్చేవాడు కాదు. ఆ రోజు కొత్తగా చెక్కిన రోట్లో అమ్మ గోంగూర పచ్చడి నూరేది, కుండలో జొన్నసంగటి ఉడుకుతుండేది, నాటుకోడి పులుసు వాసనకి పాలెంలో కుక్కలన్నీ మా వాకిట్లోనే ఉండేవి. ఆ రోటి పచ్చడి రుచి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు, ఇక్కడ మిక్సీలో తిప్పి తింటున్నాను, ఏం చేస్తాం.

నేను ఏడో తరగతిలో ఉండగా జీపొకటి వచ్చింది. అందులోంచి దిగిన పెద్దమనిషి తడి గుడ్డతో బండ తుడిచి, చుక్కలు చూసి, మా తాత భుజం మీద చెయ్యేశాడు. “పెద్దాయనా, మీ రోజులు మారిపోతన్నయ్,” అన్నాడు. మారాయి, తగలెయ్య! కొండ ఎవరిదో మమ్మల్ని అడిగినవాడు లేడు. లీజు కాగితాలు ఎక్కడో పుట్టాయి, ఎవరో సంతకాలు పెట్టారు, మాకు గేటూ కంచే మాత్రం కనిపించాయి. పొద్దుట మందుగుండు పేల్చబోతూ గట్టిగా గంట మోగించడం, మేం మంచాల కింద దూరడం, భూమి అదిరి పొయ్యి మీద సంగటి కుండ పగలడం. ఇంటి కప్పుల మీద రాళ్ళు పడ్డాయి. దొనల్లో నీళ్ళు బూడిద రంగుకి తిరిగాయి. కొండ దేవుడన్న తాత ఆ కొండ మీదే కూలికి పోయి, దుమ్ము మింగి మింగి, దగ్గి దగ్గి పోయాడు. అమ్మ కంకర తట్టలు మోసింది. బర్రె వీపు పోయింది, పొట్ట పోయింది, ఇప్పుడక్కడ తాటిచెట్లు నిలువునా మునిగేంత గుంత, అడుగున పచ్చటి నీళ్ళు. ఊళ్ళో పెద్దల్లో ఒక్కడూ నోరు విప్పలేదు, వాళ్ళ లారీలు వాళ్ళకి తిరుగుతుంటే ఎందుకు విప్పుతారు?

ఇక యార్డు సంగతి. లిన్ అని అమ్మకాలు చూసే చైనా అమ్మాయి, సగం హిందీ సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడుతుంది, నన్ను దీదీ అంటుంది. మా యార్డుకి పలకలు ఎక్కువగా వచ్చేది ఆమె పుట్టిన కౌంటీ నుంచే, అందుకని షోరూము గోడ నిండా ఆ కౌంటీ బొమ్మలే. కౌంటీ అంటే మన తాలూకాలాంటిదే, పల్లెటూళ్ళే. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ ఆ బొమ్మలన్నీ నాకు చూపించింది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఇసుక నేల, వెనక రాతి కొండలు, వరి సరిగా పండక చిలగడదుంపలు తిని బతికిన జనం. సముద్రపు దొంగలు రాకుండా కట్టుకున్న రాతికోట. పునాది రాళ్ళ మీద ఆల్చిప్పలు పెంచి, ఆ చిప్పలతోనే రాళ్ళు అతుక్కునేట్టు చేసిన పాతకాలపు వంతెన. మగవాళ్ళు ఉలి పట్టి గుడి స్తంభాలకి పాములాంటి దేవతలని చెక్కితే, ఆడవాళ్ళు తలగుడ్డ కట్టి కావడి మీద రాళ్ళు మోశారట. “మా అవ్వ కూడా మోసింది దీదీ,” అంది లిన్. మా అమ్మే కదా ఆ బొమ్మలో ఉన్నది! అక్కడ ఆ రాళ్ళు కొట్టినవాళ్ళకి మ్యూజియం ఉందట.

గోడకి ఆనించిన నల్లపలక చూపించి, ఇది మీ కొండదేనా అని అడిగాను. దాని మీద కౌంటీ పేరుతో చైనా అని చీటీ అంటించి ఉంది.

“నహీ దీదీ. మా కొండలు బంద్. ఎవరినీ తవ్వనివ్వరు, చెట్లు పెట్టారు. ఇది ఇండియాది, చెన్నై నుంచి ఓడలో మా ఊరికి వస్తుంది. మేం కోసి, మెరుగు పెట్టి పంపుతాం.”

లేచి పలక వెనక్కి పోయి చూశాను. కోయని అంచు మీద మా క్వారీవాళ్ళు తెల్లరంగుతో వేసే గుర్తు సగం అట్లాగే మిగిలి ఉంది. చుక్కలు చూడనక్కర్లేదు, అయినా చూశాను.

లిన్ మీద నాకు కోపం లేదు. వాళ్ళ కౌంటీ మీదా లేదు. వాళ్ళ కొండ వాళ్ళు కాపాడుకున్నారు, వాళ్ళ అవ్వలకి గోడ మీద చోటిచ్చారు. మాకేం రోగం? మా కొండని మొద్దులుగా నరికి ఓడెక్కించి, మా తాతకి దగ్గు, మా అమ్మకి వేపకొమ్మ మిగిల్చిన వాళ్ళ నోట్లో మన్ను పొయ్య!

ఆ పలక మూల విరిగిన ముక్కొకటి పక్కన పడి ఉంటే, ఇస్తారా అని ముదీర్‌ని, అంటే మా మేనేజర్ని, అడిగాను. ఎందుకన్నాడు. మా అమ్మ సమాధికి అన్నాను. ఆయన నా ముఖం చూసి, “యల్లా, లే జావో. ఖలాస్,” అని తీసుకుపొమ్మన్నాడు. ఆ ముక్క మీద కూడా అంటించి ఉన్న చైనా చీటీ గోళ్ళతో గీకిపారేశాను. సుద్దముక్కతో దాని మీద అమ్మ పేరూ కింద బర్రెకొండ అనీ రాసిస్తే, కోత యంత్రం నడిపే పెషావరు చాచా తెలుగు అక్షరం ముక్క రాకపోయినా, నా గీతల వెంటే ఉలి నడిపి చెక్కిపెట్టాడు. రోలాలో కార్గో కొట్టువాడు నాలుగు పక్కలా చెక్కలు కొట్టి బిగించాడు.

నిన్న ఆ కొట్లో నిలబడి ఉండగానే తమ్ముడు ఫోను చేశాడు.

“అక్కా, రాయి పంపమాకే. శ్మశానం కూడా లీజులో కలిపేశారంట. మొన్న జేసీబీ పెట్టి చదును చేసి లారీలకి బాట యేశారు. వేపకొమ్మ లేదు, ఏమీ లేదు. అమ్మ యాడుందో నాకే తెలవడంలా.”

కొండ లేదు, దొనలు లేవు, సీతాఫలాల చెట్లు లేవు, తాత లేడు. చివరికి అమ్మ పడుకున్న ఆరడుగుల చోటు కూడా లేదు. కొట్టువాడు పంపాలా వద్దా అన్నట్టు నావైపు చూస్తున్నాడు. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు.

“పంపుతన్నా,” అన్నాను తమ్ముడితో. “ఆ లారీల బాటకి అడ్డంగా, నట్టనడిమిన పాతరా. తియ్యమని ఎవడన్నా వస్తే, మా అమ్మని యాడ పెట్టారో ముందు చూపించండి, అప్పుడు తీస్తామను.”

వాడి వెనకాల లారీ పోతున్న చప్పుడు వినబడింది.

“సరే అక్కా,” అన్నాడు. “గుంట లోతుగా తవ్విపెడతా.”